మాత్ర మీదికి నెట్టిన మాట

మా ఇంట్లో ఏడాదికి రెండే కాలాలు. బడులు తెరిచే ముందు వచ్చే యూనిఫారాల కాలం ఒకటి, మిగతా పది నెలలూ కలిపి ఇంకొకటి. ఆ పది నెలల్లో జనం బిగుతైపోయిన ప్యాంట్లూ చిరిగిన జేబులూ పట్టుకొచ్చి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్తారు. యూనిఫారాల కాలంలో మాకు తల దువ్వుకోవడానికి కూడా తీరిక ఉండదు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. ఆ రెండు నెలలూ గుడ్డలు వెనక గదిలోకి కూడా వచ్చి పడతాయి కాబట్టి ఇల్లంటూ ఏమీ మిగలదు.

నేను కోస్తాను, అక్క కుడుతుంది. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మా నాన్నా పోయాక మిగిలింది మేమిద్దరం, ఒక మిషను, ఒక బల్ల. వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరూ కత్తెరమ్మ అనే అంటారు. నోటిని చూసి పెట్టిన పేరు కాదది. అప్పటికింకా నాకు అంత నోరు లేదు.

పద్నాలుగో ఏట నుంచి నాకు ఫిట్స్. ఫిట్స్ వచ్చే మనిషికి ఫిట్స్ ఎలా ఉంటాయో తెలియదు. చూసేది మిగతావాళ్ళు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ నాలుగు ముఖాలు ఉంటాయి. నేనెప్పుడూ చూడని నన్ను చూసేసి, ఆ చూసినదాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడి ఉంటాయి. ఆ ముఖాల్లో మొదటిది ఎప్పుడూ అక్కదే. పాత మాత్రతో చాలా ఏళ్ళు జబ్బు అణిగి ఉంది గానీ, ఆ చలికాలంలో మళ్ళీ మూడుసార్లు వచ్చింది. పైగా ఆ మాత్రకి చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పెరిగాయి. నవ్వితే నాకే భయం వేసేది. ఎండలు మొదలయ్యే వేళకి డాక్టరమ్మ మాత్ర మార్చింది.

మందుల షాపావిడ కవరు చేతిలో పెడుతూ, "మొదట్లో మత్తుగా ఉంటుందమ్మా. కోపం గానీ దిగులు గానీ మరీ ఎక్కువైతే డాక్టరుకి చెప్పండి" అంది.

"మా చెల్లికి కోపమా?" అంది అక్క. "దీన్ని గిల్లితే, మీ గోరు నొప్పెట్టిందా అని అడుగుతుందండీ."

ముగ్గురం నవ్వాం. డాక్టరమ్మ కూడా అదే చెప్పే ఉంటుంది. నేను వినలేదు. నా చెవిన పడిందల్లా ఫిట్స్ తగ్గుతాయన్న ఒక్క మాటే.

తగ్గాయి కూడా. ఆ విషయంలో మాత్రకి వంక పెట్టడానికి లేదు. నెల తిరిగినా ఒక్కసారి రాలేదు. కాకపోతే రోజంతా తల దూదితో కుక్కినట్టు ఉండేది. ఆ మత్తులోనే అరవై చొక్కాల గుడ్డ బల్ల మీదికి వచ్చింది. మెరుపు ఒక్క వైపే ఉన్న గుడ్డ అది. అలాంటిదాన్ని ముఖాముఖిగా మడిచి కోయాలి, అప్పుడే ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి వస్తాయి. పదేళ్ళ పిల్లకి కూడా నేర్పే మొదటి పాఠం. నేను పొరలన్నీ మెరుపు పైకే ఉండేట్టు పరిచి, నున్నగా, గీత తప్పకుండా, నూట ఇరవై కుడి చేతులు కోసి పెట్టాను.

మొదటి చొక్కాకి రెండో చెయ్యి తగిలించబోతూ అక్క మిషను ఆపింది. కట్ట విప్పి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. మా దగ్గర కాజాలు కుట్టి గుండీలు వేసే పెద్దావిడ ఒకావిడ ఉంది. కాజాలావిడ అంటాం. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "రెండు చేతులా రాసే పిల్లలున్న బడేమోలే" అంది.

నేను నవ్వలేదు. అక్క తిడుతుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను.

"పోనీలే. నేను చూసుకుంటాను" అంది అక్క.

ఆ మాట నేను పదిహేడేళ్ళుగా వింటున్నాను. బియ్యం అయిపోతే నేను చూసుకుంటాను, అద్దె కోసం ఇంటాయన కేకలేస్తే నేను చూసుకుంటాను, నాకు ఫిట్స్ వస్తే నేను చూసుకుంటాను. ఎన్నడూ లేనిది, ఆ రోజు ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. మెడ వెనక నుంచి చెవుల దాకా వేడెక్కింది. నోరు తెరిస్తే ఏమొస్తుందోనని దారం తెంపే నెపంతో పళ్ళు బిగించుకున్నాను.

అప్పటికి వారం నుంచీ అంతే. అక్క టీ తాగే చప్పుడు పడేది కాదు. స్నానానికి వెళ్తే "లోపల గడియ పెట్టకు" అని బయట నుంచి అరిచేది. అది నా మంచికే. గడియ పెట్టుకుని పడిపోతే తలుపు బద్దలు కొట్టాలి. పద్నాలుగో ఏట నుంచీ వింటున్న మాటే అయినా ఆ వారంలో దానికి రెండుసార్లు బక్కెట్టు తన్నాను. మాత్ర సంగతి నాకు తట్టనే లేదు. నాకు ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం బడి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. మంచి మనిషే, కాస్త నోటి దురుసు. అక్క ఆవిడకి కుర్చీ వేసి, చేతుల కట్ట చూపించి, "వారం ఆలస్యమవుతుందండీ. మా చెల్లికి మాత్ర మార్చారు. దాని తప్పేం లేదు, అంతా ఆ మాత్ర వల్లే. మళ్ళీ గుడ్డ తెప్పించి నేను సర్దుతాను" అంది.

నేను బల్ల దగ్గరే ఉన్నాను. తప్పు నాది, చేతిలో కత్తెర నాది, నా ఎదురుగానే నా తప్పుని నాకు కాకుండా చేసేశారు.

హెడ్మిస్ట్రెస్ నా వైపు జాలిగా చూసి, అక్క వైపు తిరిగింది. "మీరు లేకపోతే ఈ అమ్మాయి ఏమైపోయేదో. వచ్చిన సంబంధం కూడా ఈమె కోసం వదులుకున్నారట కదా. ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో!"

అక్క తల వంచుకుంది. ఎవరు ఆ మాట అన్నా అక్క అలాగే తల వంచుకుంటుంది. ఔననదు, కాదనదు.

"ఏం వదులుకుంది?" అన్నాను.

"నువ్వు లోపలికెళ్ళి కాసేపు పడుకో" అంది అక్క.

"పడుకోను. గడియారాల షాపాయన నన్ను వదిలేసి రమ్మన్నాడనేగా ఈ వీధి వీధంతా చెప్పావు? ఆ రోజు నేను ట్రయల్ గదిలోనే ఉన్నాను. తెర వెనకే. 'మీ చెల్లెల్ని కూడా తీసుకొద్దాం, ఇంకో గది ఖాళీగానే ఉంది' అన్నాడాయన. నా చెవులతో విన్నాను. నువ్వే కుదరదన్నావు. నీకు ఇష్టం లేక నన్ను అడ్డం పెట్టుకున్నావు. పదిహేడేళ్ళుగా నా జబ్బు చూపించి మహాతల్లివి అనిపించుకుంటున్నావు!"

ఇంకా ఏదో అన్నాను. తలుపు తీసే ఉంది. పక్క షాపువాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలియదు. కాజాలావిడ సూది గుచ్చిన చోటే ఆపేసింది. హెడ్మిస్ట్రెస్ ఒళ్ళో ఉన్న సంచీ కోసం కుర్చీ కింద వెతికింది.

అక్క లేచి ఆవిడని గుమ్మం దాకా సాగనంపింది. "వారంలో ఇచ్చేస్తానండీ" అంది. వచ్చి మిషను ముందు కూర్చుని, ఆగిన చోటు నుంచి కుట్టు మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఏడవడం, సాధించడం లాంటివేమీ లేవు. కొలతలు సుద్దతో కట్టల మీద రాసి బల్ల మీద పెట్టేది. నేను కోసి అవతల పెట్టేదాన్ని. పొద్దున ఎనిమిదింటికీ, సాయంత్రం ఎనిమిదింటికీ గ్లాసు నీళ్ళూ పక్కన మాత్రా మాత్రం తప్పకుండా ఉండేవి. మనిషి పలకదు, గ్లాసు పలుకుతుంది.

వీధికి మాత్రం చేతినిండా పని దొరికింది. కాజాలావిడ ఎవరికీ చెప్పలేదంటుంది, చెప్పక్కర్లేదు కూడా, సగం వీధి విననే వింది. గడియారాల షాపాయనకి ఇప్పుడు పదో తరగతి చదివే కూతురుంది. రెండు వీధుల అవతల అదే షాపు. అయిదేళ్ళుగా ఆగిపోయిన గడియారాలన్నిటికీ ఆ వారంలోనే మరమ్మతు అవసరమైంది. అక్క కూరలకి వెళ్తే అవతలివాళ్ళు మాట ఆపేవాళ్ళు. అక్క సంచీతో వెనక్కి వచ్చి, చెప్పులు గోడ వారగా పెట్టి, మిషను ముందు కూర్చునేది. మెడ వంచి కుడుతున్న ఆ మనిషినే చూస్తూ కూర్చునేదాన్ని. వెళ్ళి పట్టుకుని ఏడవాలనిపించేది. లేచేసరికి మళ్ళీ కోపం వచ్చేది. దేనికో నాకే తెలియదు.

ఒక సాయంత్రం గ్లాసు గోడకేసి కొట్టాను. ముక్కలు ఏరుతున్న అక్క చేతులు వణికాయి. నన్ను చూసి అక్క భయపడింది. ఫిట్స్ వచ్చినప్పుడు కూడా ఆ చేతులు వణకలేదు. అప్పుడు తట్టింది నాకు, ఇదంతా ఎప్పుడు మొదలైందో. మందుల షాపావిడ మాట గుర్తొచ్చింది.

ఆ క్షణంలో నేను ఫోన్ తీసి డాక్టరమ్మకి చెప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. కానీ చెప్పడానికి సిగ్గేసింది. ఏమని చెప్పను? నా అక్కని నడివీధిలో నిలబెట్టాను, దానికి మందివ్వండి అనా? మాత్ర మానేస్తే పాత నేను తిరిగొస్తాను, పాత నేనొస్తే అక్క మాట్లాడుతుంది. నా లెక్క అంతే. మర్నాటి నుంచి మాత్ర నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, అక్క అటు తిరగగానే తీసి గుండీల డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. తెల్ల గుండీల డబ్బా, తెల్ల మాత్రలు. ఎవరు చూస్తారు?

మొదటి రోజు తల తేలికైంది. రెండో రోజు ఎండలో నిలబడి కాకుల్ని చూస్తూ నవ్వుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు మడత మీద పెట్టె ఆనించడం గుర్తుంది.

కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. ఎడమ మోచేతి కింద కట్టు. నాలుక కొరుక్కుని నోరంతా పుండు. ఒకటి ఆగేలోపు ఇంకొకటి వచ్చిందనీ, ఆగడానికి సూది మందు ఇవ్వాల్సి వచ్చిందనీ తర్వాత చెప్పారు. ఎదురుగా మొదటి ముఖం అక్కదే. ఆ ముఖం ఒక్క రోజులో పదేళ్ళు పెద్దదైంది.

డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "మాత్ర పూటపూటా వేస్తున్నారా?" అని అడిగింది.

"నా చేత్తో ఇస్తున్నానండీ. ఒక్క పూట తప్పలేదు" అంది అక్క.

"అయితే ఈ మోతాదు చాలట్లేదు. రెట్టింపు చేద్దాం."

నేను నీళ్ళు నములుతూ కూర్చున్నాను. చెప్పాలి. చెబితే ఆ నాలుగు రోజుల సంగతి అక్క ముందే బయటపడుతుంది. చెప్పకపోతే రెట్టింపు మాత్ర, రెట్టింపు కోపం. నాలుక వాచి మాట సరిగా రావట్లేదన్న సాకు ఉంది గానీ, అది సాకే.

అప్పుడు కాజాలావిడ వచ్చింది. పొద్దున నేను పడిపోయాక షాపులో ఒక్కతే కూర్చుని, చేతులు ఆడక, పని చేస్తే కుదుటపడతానేమోనని గుండీలు వేయబోయిందట. కొంగు ముడి విప్పి, మాత్రలు అక్క అరచేతిలో పోసింది.

"వీటికి కంతలు లేవమ్మా" అంది. "మొదట గుండీల కంపెనీవాణ్ణి తిట్టాను."

అక్క ఏడు మాత్రలూ లెక్కపెట్టింది. నా వైపు చూడలేదు. డాక్టరమ్మ రాస్తున్న కాగితం చింపేసి, మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఎందుకు మానేశావమ్మా?"

"కోపం" అన్నాను. వాచిన నాలుకతో ఆ ఒక్క మాటే స్పష్టంగా వచ్చింది.

డాక్టరమ్మ చాలాసేపు వివరంగా అడిగింది. ఎప్పటి నుంచి, ఎవరి మీద, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. లేదన్నాను. "ఈ మందు కొందరిలో ఇలా చేస్తుంది" అంది చివరికి. "అందరికీ కాదు, కొందరికి. మనిషి మారిపోయినట్టు అయిపోతారు. అది నాకు చెప్పాలి. చెబితే మార్చడానికి వేరే మందులున్నాయి. ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో చూశావుగా. ఇవాళ నీ పక్కన మనిషి లేకపోతే మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు."

అక్క మెల్లగా అడిగింది. "అయితే... ఇది అన్నవన్నీ?"

"చాలామటుకు మందే అనుకోండి. మనసులో పెట్టుకోకండి."

నేను ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నాను. ఇంటికొచ్చాక అక్క మొదటిసారి నా మంచం మీద కూర్చుని, "ఆ రోజు ఏమన్నావో గుర్తుందా?" అంది. తల అడ్డంగా ఊపాను. "ఏదో అరిచినట్టు తెలుసు. ఏమన్నానో తెలియదక్కా." అన్ని మాటలూ గుర్తున్నాయి. ఏ మాట తర్వాత ఏ మాట అన్నానో కూడా గుర్తుంది. కానీ నాకు అక్క కావాలి. దానికోసం ఏ అబద్ధమైనా ఆడేదాన్ని. నూట ఇరవై చేతుల తప్పు మాత్ర మీద వేస్తే పడనిదాన్ని, అంతకంటే పెద్దది నేనే తీసుకెళ్ళి దాని మీదికి నెట్టేశాను.

అక్క వీధికి కూడా అదే చెప్పింది. వీధి హాయిగా ఊపిరి పీల్చుకుంది. "నేను అప్పుడే అనుకున్నా, మందు వేడి అని" అన్నారు. హెడ్మిస్ట్రెస్ పండ్లు పంపింది. కొత్త గుడ్డ తెప్పించి, ఎడమ చేతులు అరవై అక్కే కోసింది. నా మోచేయి మానేదాకా కత్తెర పట్టనివ్వలేదు.

కొత్త మాత్ర మొదలైంది. దీనికి వేరే భయం ఉంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తే కొందరిలో ప్రాణం మీదికి వస్తుందట. అందుకే చిటికెడంతతో మొదలుపెట్టి, రెండేసి వారాలకి కాస్త కాస్త పెంచుతూ, రెండో వైపు ఆ కోపం మాత్రని కాస్త కాస్త దించుతూ రెండు నెలలు నడిపించాలి. "తొందరపడి పెంచకండి. మచ్చ కనిపించినా, నోట్లో పొక్కినా, జ్వరం వచ్చినా ఆ పూటే రండి" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

అందుకని రోజూ పొద్దున్నే అక్క నన్ను కిటికీ దగ్గర నిలబెట్టేది. చేతులు తిప్పి చూసేది. మెడ, వీపు, చెవుల వెనక, కింది పెదవి లోపల. సూది పోట్లకి గట్టిపడిన వేళ్ళు ఒంటి మీద మెల్లగా కదిలేవి. "చొక్కా దించు", "నోరు తెరువు", "సరే". ఈ మూడు మాటలే. తప్పు మాత్రదేనని నమ్మినా, అక్క మాటలు మాత్రం పాత లెక్కకి రాలేదు. నన్ను ఇంత దగ్గరగా ముట్టుకునే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది, ఆ మనిషి ఏమనుకుంటోందో నాకు తెలియదు. ఆ రెండు నెలల్లో పడినంత ఒంటరితనం నేను ఆసుపత్రి మంచం మీద కూడా పడలేదు.

కోపం మాత్రం పోయింది. ఎండకి ఆరిన తడిలా ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. టీ చప్పుడు మామూలు టీ చప్పుడే అయింది. యూనిఫారాలన్నీ వెళ్ళిపోయాయి. బడులు తెరిచారు. మా చొక్కాలు వేసుకున్న పిల్లలు వర్షంలో షాపు ముందు నుంచి పరిగెత్తారు. రెండు కుడి చేతులవాళ్ళు ఎవరూ లేరు. ఫిట్స్ లేవు, మచ్చ లేదు.

డాక్టరమ్మ చెప్పిన గడువుకి చివరి రోజు పొద్దున అక్క ఎప్పటికంటే ఎక్కువసేపు చూసింది. నన్ను అటు తిప్పి, జుట్టు ఎత్తి, మెడ వెనక చూస్తూ, "ఏం లేదు. ఇక రోజూ చూడక్కర్లేదు" అంది. జుట్టు వదల్లేదు.

"ఒకటి అడగనా?"

"అడుగు."

"డాక్టరమ్మ చెప్పింది నమ్మాను నేను. కోపం మాత్రదే. అరుపు మాత్రదే. కానీ గడియారాల షాపాయన నాతో అన్న మాట... అది మాత్రకి ఎవరు చెప్పారే?"

నాకు కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి. అక్క ముఖం కనిపించడం లేదు.

"నేనే" అన్నాను.

"విన్నావన్నమాట."

"విన్నాను."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"ఏమో."

అక్క జుట్టు వదిలేసి వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. బయట సన్నగా వాన. నాతో కాకుండా వానతో చెబుతున్నట్టు మాట్లాడింది.

"మంచివాడే. వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకే ఇష్టం లేదు. ఇష్టం లేదంటే ఎవరు ఊరుకుంటారు? వందమంది వచ్చి నచ్చజెప్తారు. నీ పేరు చెప్పాను. ఒక్కరు మారు మాట్లాడలేదు. ఇంత తేలిగ్గా అయిపోతుందా అనుకున్నాను. తర్వాత అందరూ మంచిదాన్ని అన్నారు. అది వెనక్కి ఇవ్వడం చేతకాలేదు నాకు."

"నేనేమీ అనుకోలేదక్కా."

"అనుకున్నావు. పదిహేడేళ్ళు అనుకున్నావు. నేను అన్నం పెట్టిన ప్రతిసారీ అనుకుని ఉంటావు."

నేను వెళ్ళి అక్క వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"బస్సులో నాలుగు గంటల దూరంలో ఆడపిల్లలకి కుట్టు నేర్పే చోటుంది. మనిషి కావాలంటున్నారు. వెళ్తాను" అంది.

"నా మీద కోపంతోనా?"

"కోపం లేదే. ఉంటే బాగుండేది, నాలుగు రోజులకి పోయేది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగితే, నాకు వెళ్ళాలనిపించింది, అందుకే వెళ్తున్నాను అని చెప్తాను. ఈసారి నీ పేరు చెప్పను."

వారం రోజులు అక్క ఇల్లు సర్దింది. తను లేకుండా నేను బతకడానికి ఎక్కడెక్కడ ఏం కావాలో అవన్నీ సర్దింది. స్నానాల గది గడియ ఊడదీయించింది. ఇస్త్రీ కాజాలావిడ ఉన్నప్పుడే చేయాలంది. పూట తప్పినా, రెండు పూటలు తప్పినా సొంతంగా కలిపి వేసుకోకూడదు, డాక్టరమ్మకి ఫోన్ చేయాలంది. మందుల షాపావిడ నంబరు గోడ మీద సుద్దతో రాసింది, తర్వాత చెరిగిపోతుందని పెయింటుతో రాసింది. నేను అన్నిటికీ సరే అన్నాను. ఒక్కసారి గట్టిగా అరిస్తే ఆగుతుందేమో అనిపించింది. అరవడానికి కోపం కావాలి. వెతికాను, లేదు. కొత్త మాత్ర అంత బాగా కుదిరింది నాకు.

బస్సు దగ్గర అక్క ట్రంకు పెట్టె పైకి ఎక్కించారు. కాజాలావిడ ఏడుస్తోంది. అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టాక, అప్పుడు అన్నాను.

"ఉండిపో అక్కా."

అక్క వెనక్కి తిరిగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "ఈ మాట ఎవరిది? నీదా, మాత్రదా?"

"నాదే."

"నీదే అయితే చాలులే" అని నా చెంప నిమిరి ఎక్కేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎనిమిదింటికి" అంది. సరేనని తలూపాను.

అక్క అడిగినప్పుడు 'ఏమో' అన్నాను గానీ, ఎందుకు అడగలేదో నాకు తెలుసు. పదహారేళ్ళ వయసులో, ట్రయల్ గది తెర వెనక నిలబడి, 'కుదరదండీ' అని అక్క అనగానే నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నవ్వు బయటికి వినపడుతుందని భయం వేసింది. అక్క ఎక్కడికీ వెళ్ళదు, నాకే ఉంటుంది అనుకున్నాను. తర్వాత అక్క వీధికి చెప్పిన అబద్ధం నాకు అన్నం పెట్టింది, నేను దాన్ని కదిలించలేదు. అంత కోపంలో, నోటికొచ్చినవన్నీ అన్న ఆ మధ్యాహ్నం కూడా ఈ ఒక్కటి నా నోటి నుంచి రాలేదు. బస్సు కదిలినప్పుడైనా పరిగెత్తి చెప్పాల్సింది. చెయ్యి ఊపుతూ నిలబడ్డాను.